గడియ మీద ఐదు మీటింగులు

స్కూలు గవర్నర్లే లేకపోతే మన పిల్లలకు ఓర్పు నేర్పేదెవరు? చెప్పండి!

మా అత్తగారు జోన్‌కు ఈ సంగతి బోధపడదు. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర వేయించిన చేప చల్లారిపోతున్నా ఆవిడ మావారిని వదల్లేదు.

"ఒరేయ్ డెరెక్, నువ్వు వడ్రంగివా కాదా? తలుపు గడియలే కదా! ఒక్కోదానికి నాలుగు మరలు! పది నిమిషాల పని!"

"అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? నేను గవర్నర్‌ని. స్కూలుకు దారి చూపించాలి గానీ చెయ్యి పెట్టకూడదు. చేతులు హెడ్‌మిస్ట్రెస్‌వి."

"మరి ఆవిడ చేతులేం చేస్తున్నాయిరా?"

"మాకు రిపోర్టు రాస్తున్నాయి."

ఎంత చక్కటి ఏర్పాటు! మా ప్రైమరీ స్కూలు పాలకమండలిలో పదకొండుమంది గవర్నర్లు. చర్చి ఫాదరు, రిటైరైన ఇన్సూరెన్సాయన, కుక్కలకు బిస్కెట్లు చేసి అమ్మే ఒకావిడ, పిల్లల తల్లిదండ్రుల తరఫున మావారు. జీతం లేదు, భత్యం లేదు. ఐదేళ్ల పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని నాయకత్వం వహిస్తారు!

ఆడపిల్లల బాత్రూమ్‌లో తలుపులకు గడియలు ఊడిపోయాయని మొదటి మీటింగులో గుర్తించారు. గుర్తించడమంటే మాటలా? రెండో మీటింగులో అసలు తలుపుల మీద స్కూలుకు పాలసీయే లేదని తేలింది. నూట పదేళ్లుగా పాలసీ లేకుండానే తలుపులు తీస్తూ, వేస్తూ ఉన్నారన్నమాట! ఎంత ప్రమాదం! మూడో మీటింగులో సబ్ కమిటీ వేశారు. నాలుగో మీటింగులో గేటు కూడా తలుపు కిందికి వస్తుందా అని ఇన్సూరెన్సాయన అడిగారు. ఐదో మీటింగులో ఫాదరు అందరికీ కృతజ్ఞతలు చెప్పారు.

ఇందువల్ల మా ఏడేళ్ల టిల్లీకి ఎన్ని లాభాలో చూడండి. బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని బడిలో నీళ్లే తాగదు. పొద్దున నింపిన సీసా నిండుగానే తిరిగొస్తుంది. ఎంత పొదుపు! బడి విడవగానే ఇంటికి ఒకటే పరుగు. ఎంత వ్యాయామం! ఇదివరకు తలుపు పట్టుకుని నిలబడే స్నేహితురాలు ఇమోజెన్ వేరే ఊరు వెళ్లిపోయింది. ఇక ఎవరి మీదా ఆధారపడకూడదని కూడా టిల్లీ నేర్చేసుకుంది!

"నాన్నా, సోమవారం నాకు కడుపునొప్పి వస్తుంది" అంది టిల్లీ, బఠాణీలు కెలుకుతూ.

"సోమవారం వచ్చే నొప్పి ఇవాళే ఎలా తెలిసిందే?" అన్నారు మావారు నవ్వుతూ.

ఎలా తెలిసిందో నాకు తెలుసు. మొన్న మంగళవారం అది ఎవరిదో ప్యాంటు వేసుకుని ఇంటికొచ్చింది. బ్యాగు అడుగున ప్లాస్టిక్ కవరులో తడిసిన స్కర్టు దొరికింది. లెక్కల క్లాసులో, అందరి ముందూ. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పి, ఆ భోజనాల దగ్గరే అంతా చెప్పేశాను.

మావారు పళ్లెం పక్కకు జరిపారు. గవర్నర్ అయ్యాక మొదటిసారి ఆయన దేనికీ వివరణ ఇవ్వలేదు.

"ఇవాళే రాజీనామా రాసి పంపేస్తా" అన్నారు మెల్లగా. "గవర్నర్ కాని నాన్న ఎవరైనా వచ్చి గడియ బిగించొచ్చు. దానికి ఏ రూలూ అడ్డురాదు. సోమవారం పొద్దున్నే పనిముట్లు పట్టుకుని నీతో వస్తాను. ఎన్ని తలుపులురా, టిల్లీ?"

"మూడు నాన్నా."