ఎర్రగుడ్డలో పదిహేడు పాటలు

గురువారం పొద్దున సత్యేంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, కంప్యూటర్‌లో ఉన్న పాటలను కొత్త డిస్కులోకి కాపీ చేయడం, ఆ తర్వాత కంప్యూటర్‌ను వాలేలేవు మార్కెట్ పక్కన రిపేరు షాపు నడిపే కమల్‌కి అప్పగించడం. ఇందులో మొదటిది సవ్యంగా జరిగింది.

పాటలు పదిహేడు. సత్యేంద్ర అమ్మమ్మ గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీగా ఓడెక్కి ఫిజీకి వచ్చి, వునిమోలి చెరుకుతోటల్లో పాడుకున్నవి. ఆమె దగ్గర నేర్చుకున్నది సత్యేంద్ర తల్లి జసోద ఒక్కతే. ఎనభై రెండేళ్ళ జసోదకు తప్ప ఇంకెవరికీ అవి రావు. రెండేళ్ళ కిందట, 2007లో, సత్యేంద్ర మైకు పెట్టి వాటిని రికార్డు చేసి, "బస్, ఇక చాలమ్మా, అన్నీ కంప్యూటర్‌లో భద్రం. ఇంక నువ్వు పాడక్కర్లేదు" అన్నాడు. తెలుగు సంఘం వాళ్ళు సంతోషించి శాలువా కప్పారు. జసోదకు కాదు, సత్యేంద్రకు.

ఈ ఆదివారం సంఘం వారి గిర్మిట్ సభలో ఆ పాటలు వినిపించాలి. సరిగ్గా ఈ వారమే కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది.

అన్నట్టు, ఆ ఇంట్లో జసోదతో తప్ప అందరూ మాట్లాడుకునేది హిందీ. నేనే తెలుగు చేసి చెబుతున్నాను. ఎవరో ఒకరు చేయాలి కదా.

"వైరస్ పట్టింది అంకుల్. మొత్తం తుడిచేసి కొత్తగా వేయాలి" అన్నాడు కమల్, ముందురోజు బుధవారం వచ్చి చూసి. "బ్యాకప్ నేను తీసి పెట్టనా?"

"ముప్పై ఏళ్ళు ప్రభుత్వాఫీసు రికార్డు గదిలో పనిచేశాను. నాకు కాపీ తీయడం నువ్వు నేర్పుతావా?" అన్నాడు సత్యేంద్ర. కమల్ మంచివాడు, సరేనని వెళ్ళిపోయాడు.

తెర మీద 'పాటలు' అని రాసి ఉన్న పసుపురంగు బొమ్మ ఉంది. దాని మూలన చిన్న బాణం గుర్తు ఉంది. సత్యేంద్ర బొమ్మను పట్టి డిస్కులోకి లాగాడు. రెప్పపాటులో పనైపోయింది. కొత్త డిస్కు స్పీడే వేరని మురిసిపోయి, కంప్యూటర్‌ను కమల్ షాపుకు పంపేశాడు.

ఇక డిస్కును ఎక్కడ దాచాలి? వాళ్ళుండే నసీనులో వానలకు బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. ఇంట్లో పొడిగా ఉండే చోటు దేవుడి అర ఒక్కటే, అక్కడ రోజంతా దీపం వెలుగుతుంది, పైగా ఎవరూ చెయ్యి పెట్టరు. డిస్కును ఎర్రగుడ్డలో చుట్టి, మూడు ముళ్ళు వేసి, హనుమంతుడి పటం వెనక పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. రికార్డు గది అలవాటు.

శుక్రవారం అతని భార్య కుసుమ్ సత్యనారాయణ పూజ చేయించింది. పూజ కాగానే పూలు, తమలపాకులు, ఎర్రగుడ్డల్లో ఉన్నవన్నీ మూటకట్టి, నదిలో వదిలి రమ్మని తన తమ్ముడు బిజయ్‌కి ఇచ్చింది. దేవుడి దగ్గరున్న ఎర్రగుడ్డ ముడి విప్పి చూసే పాపం ఆ ఇంట్లో ఎవరూ చేయరు.

శనివారం పొద్దున పటం వెనక చెయ్యి పెట్టిన సత్యేంద్రకు గోడ తగిలింది.

"కుసుమ్! ఇక్కడి మూట ఏది?"

"గంగమ్మకు ఇచ్చేశాం కదా. ఏం, మీ మొక్కేమైనా ఉందా అందులో?"

బిజయ్‌ని నిద్రలేపారు. "రేవా నదిలో జీజా, నౌసోరి వంతెన కింద. దండం పెట్టి మరీ వదిలాను" అన్నాడు బావతో భక్తిగా.

అదే సమయానికి సంఘం అధ్యక్షుడు రామ్ ప్రసాద్ ఫోన్ చేశాడు. "పాటలు సిద్ధమేనా భయ్యా?"

నిజం చెప్పడానికి అది మంచి సమయం. కానీ శాలువా గుర్తొచ్చింది. "సిద్ధమే" అన్నాడు సత్యేంద్ర.

"అయితే నీ అయిదు నిమిషాలు అరగంట చేస్తున్నా. రేడియో వాళ్ళు కూడా వస్తున్నారు!"

బావా బావమరుదులు పరుగున బయటికి వస్తుంటే, వరండాలో కూర్చున్న జసోద అడిగింది. "ఏటి పోయింది రా?"

"నీకు తెలీదులే అమ్మా. కంప్యూటర్ సంగతి" అంటూ దాటుకుని పోయాడు.

మధ్యాహ్నానికి సత్యేంద్ర మోకాలి లోతు బురదలో ఉన్నాడు. మొదట దొరికిన మూటలో ఎవరిదో కొబ్బరికాయ. రెండోదాంట్లో తడిసిన లక్ష్మీదేవి. మూడోదానికోసం వంగితే జేబులోని ఫోన్ గంగమ్మకు చేరింది. అప్పుడే తన మూట వదలడానికి వచ్చిన ఒకావిడ గట్టుమీద నిలబడి, "దేవుడికిచ్చినవి మళ్ళీ లాక్కుంటారా? చదువుకున్నవాళ్ళలా ఉన్నారు!" అని అరిచింది.

"నాది నేను వెతుక్కుంటున్నానమ్మా!"

"మరి ఆ కొబ్బరికాయ మీదేనా?"

నలుగురు పోగయ్యారు. సత్యేంద్ర అందరికీ క్షమాపణ చెప్పి, ఎవరి దేవుళ్ళను వాళ్ళకు మళ్ళీ నీళ్ళలో అప్పగించి, ఒక చెప్పు వదులుకుని ఇల్లు చేరాడు. ఇంటి ముందు కారు ఆపాక, బిజయ్ బావ బురద కాళ్ళ వంక చూసి, మెల్లగా డిక్కీ తెరిచాడు. స్టెప్నీ టైరు కింద ఎర్రమూట.

"నిన్న వంతెన దగ్గర కారు ఆపడానికి చోటు దొరకలేదు జీజా. తర్వాత వెళ్దామనుకున్నా. పూజ సామాను కదా, వదల్లేదంటే అక్క చంపేస్తుందని..."

సత్యేంద్ర అతన్ని తిట్టాల్సింది. తిట్టకుండా వాటేసుకున్నాడు. ఏడుపు కూడా వచ్చింది.

కమల్ అప్పటికే కంప్యూటర్ తెచ్చి బిగించి, అక్కడే ఉన్నాడు. డిస్కు పెట్టారు. పసుపు బొమ్మ కనిపించింది. దానిమీద నొక్కితే, ఆ ఫైళ్ళు ఇక్కడ లేవని తెర చెప్పింది. మళ్ళీ నొక్కినా అదే చెప్పింది.

"అంకుల్, ఇది షార్ట్‌కట్" అన్నాడు కమల్, గొంతు తగ్గించి. "పాటలున్న గది కాదు ఇది, గదికి దారి చూపే బోర్డు. మీరు బోర్డును దాచారు. గదిని నేను కూలగొట్టేశాను."

"తిరిగి తెప్పించలేవా?"

"రెండుసార్లు తుడిచాను. ఏమీ మిగల్లేదు."

ముందుగా తేరుకుని కుసుమే అంది. "ఎందుకంత దిగులు? అత్తమ్మ ఉంది కదా!"

అందరూ వరండా వైపు తిరిగారు. పొద్దుటి నుంచీ ఆమె అక్కడే కూర్చుని ఉంది. సత్యేంద్ర తన తెలివితక్కువతనానికి తానే నవ్వుకుంటూ, కమల్ ఫోన్ తీసుకుని తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, ఓడ పాట పాడు."

జసోద కళ్ళు మూసుకుంది. "ఓడెక్కి వస్తిమో వదినమ్మా... ఒడ్డేదొ తెలియదు వదినమ్మా..." అంది. ఆగింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మరో పాట అడిగాడు. మొదటి ముక్క కూడా రాలేదు.

"తర్వాత ఏటి రా?" అని కొడుకునే అడిగింది.

"నాకేం తెలుసమ్మా? నీ పాటలు కదా!"

"నువ్వే గద చెప్పినావు, అన్నీ పెట్టిలో ఎట్టినాను, ఇంక పాడక్కర్లేదు అని. మానేసినాను. రోజూ పాడితేనే నిలుస్తాయి రా అవి." అతని మొహం చూసి జాలిపడింది. "పెట్టిలో చూడు నాన్నా. అందులో ఉంటాయి."

సత్యేంద్రకు ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం లేకపోయింది. రెండేళ్ళుగా పొద్దున్నే ఇల్లు ఎందుకంత నిశ్శబ్దంగా ఉంటోందో అతనికి అప్పుడు తెలిసింది.

ఆదివారం సభలో, పాటలు లేవని తెలిసి, అరగంట ఖాళీగా ఉంచితే బాగుండదని, 'మన భాషను భద్రపరచుకోవడం ఎలా' అన్న విషయం మీద సత్యేంద్ర చేత మాట్లాడించారు. ఇంగ్లీషులో చాలా బాగా మాట్లాడాడు. ఇంకో శాలువా కప్పారు.

ముందు వరసలో కూర్చున్న జసోద, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అందరితో పాటు చప్పట్లు కొట్టింది.