సలుద్ టీచర్ మెచ్చుకున్న కొలాబరేటర్లు

తుఫానుకు ఎగిరిపోయిన బడి పైకప్పును ఊరివాళ్ళే మళ్ళీ వేశారు. ఒక్క పెసో కూడా పుచ్చుకోలేదు. అందుకే ఆ శనివారం అందరికీ పన్సిట్ నూడుల్స్ వండిపెట్టాలని, గేటుకు పేర్లతో ధన్యవాదాల బోర్డు కట్టాలని సలుద్ టీచర్ అనుకుంది. పొద్దున్నే కుంచె పట్టి 'మా కోఆపరేటర్లకు థాంక్యూ' అని రాసిందో లేదో, మనీలా నుంచి వచ్చిన తమ్ముడు బోయెట్ అడ్డుపడ్డాడు.

"అదేం మాటక్కా! కోఆపరేట్ అంటే చెప్పినదానికి తలూపడం. అంతమాత్రం మన గేదె కూడా చేస్తుంది. కలిసి ఆలోచించి, కలిసి చెమటోడ్చితే అది కొలాబరేట్. వీళ్ళు కొలాబరేటర్లు!"

"అయ్యో, ఊరంతటినీ గేదెల్లో కలిపేసేదాన్నే! మంచి టైముకి చెప్పావురా," అంటూ సలుద్ దిద్దేసింది.

యుద్ధం ముగిసి ముప్పయ్యేళ్ళయినా ఆ ఊళ్ళో కొలాబరేటర్ అన్న మాటకు ఒకటే అర్థం: జపాను సైన్యంతో చేతులు కలిపిన ద్రోహి. పొయ్యిమీది నూడుల్స్ మాడిపోతాయన్న కంగారులో సలుద్‌కు ఆ సంగతి తట్టనే లేదు.

బోర్డులో మొదటి పేరు నెమెసియోది. కొండల్లో దాక్కుని జపాను వాళ్ళతో పోరాడిన మనిషి. బోర్డు చూడగానే నిచ్చెన వేసి బడి కప్పెక్కాడు.

"తాతా, పైనేం చేస్తున్నారు?" కిందినుంచి కేకేసింది సలుద్.

"నా మేకులు నేను పీక్కుంటున్నా! మా అన్నను పొట్టనబెట్టుకున్నవాళ్ళ మనిషినా నేను?"

కబురు బజారు చేరేసరికి టీచరు ద్రోహుల చిట్టా కట్టిందన్నారు. చర్చి చేరేసరికి వాళ్ళను పట్టుకుపోవడానికి సైనికుల లారీ బయల్దేరిందన్నారు. ఒకావిడ పరిగెత్తుకొచ్చి, "కప్పు వేసిన రోజు మా ఆయన ఊళ్ళోనే లేడు!" అని మేరీమాత మీద ఒట్టేసింది. కప్పు మీంచి పడి కాలికి కట్టు కట్టించుకున్న ఆ భర్త పక్కనే కుంటుతూ నిలబడి ఉన్నాడు.

అందరికంటే ఆఖర్న క్రిస్పులో వచ్చాడు. యుద్ధమప్పుడు జపాను శిబిరంలో తుపాకి గురిపెట్టి వంట చేయించారతనితో. ఊరు అప్పటినుంచీ అతన్ని కొలాబరేటర్ అనే పిలుస్తోంది. విందులకు మాత్రం పిలవదు. బోర్డు మీద అతని పేరూ ఉంది.

క్రిస్పులో టోపీ తీశాడు. "ముప్పయ్యేళ్ళుగా నన్ను ఆ మాటే అంటున్నారు టీచరమ్మా. పక్కన థాంక్యూ పెట్టి అన్నది మాత్రం మీరొక్కరే. చల్లగా ఉండండి."

పైన మేకులు పీకే చప్పుడు ఆగింది. కాసేపటికి నెమెసియో దిగి క్రిస్పులో దగ్గరికి వచ్చాడు.

"రేకులెత్తిన రోజు నాకు అవతలి కొస పట్టింది నువ్వే కదూ?"

"నేనే."

"బరువంతా నావైపే తోశావు."

"నువ్వేగా వీరుడివి!"

నెమెసియో పెదవి బిగబట్టాడుగాని నవ్వు ఆగలేదు. "పద, తిందాం. నా పక్కన కూర్చో."

సలుద్ గౌను అంచుతో కళ్ళు తుడుచుకుని, ఆ ఇంగ్లీషు ముక్కను చెరిపేసి, అందరికంటే ముందు క్రిస్పులోకు వడ్డించింది. పన్సిట్ చివర్న కాస్త మాడింది కానీ, ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం వాన పడింది; మేకులు లేనిచోట నీళ్ళు కారుతుంటే, ఊరంతా ఏకగ్రీవంగా బకెట్టు బోయెట్ చేతికిచ్చింది.