సంతకం పెట్టిన ఇంట్లో షాకు కొట్టదు

లైసెన్సు లేనివాడి చేతిలో బాగుపడటం కంటే లైసెన్సు ఉన్నవాడి చేతిలో చెడిపోవడమే మేలని నేను బల్లగుద్ది చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు. మీ ఇంట్లో ఇంకా కిరసనాయిలు దీపాలే ఉన్నాయేమో, అందుకే నవ్వొస్తోంది.

కొత్తగా కరెంటు పెట్టించుకునే మనబోటివాళ్ళ క్షేమం కోరి ప్రభుత్వంవారు ఒక చక్కటి రూలు పెట్టారు. లైసెన్సు ఉన్న కంట్రాక్టరు ఇంటి వైరింగుని స్వయంగా పరీక్షించి, అంతా సవ్యంగా ఉందని సంతకం పెడితేగాని మీటరు బిగించరు. ఎవడుపడితే వాడు తీగలు లాగేసి మన ప్రాణాలమీదికి తెస్తాడేమోనని ఆ జాగ్రత్త. కన్నతల్లి మాత్రం ఇంతకంటే ఏం చేస్తుంది?

విజయనగరంలో మా పేటకి ఆ లైసెన్సు నరసింగరావు గారిది. అద్దం కట్టించి వీధిగదిలో వేలాడదీశారు. దసరాకి దానికి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొడతారు. పనివాళ్ళు తమ పనిముట్లకి పూజ చేసుకోరూ? ఆయన పనిముట్టు అదే! స్క్రూడ్రైవరు పట్టుకోగా ఆయన్ని చూసినవాళ్ళు మా పేటలో లేరు.

తీగలు లాగేవాడు చినబాబు. వాడికి లైసెన్సు లేదు. వాడు లాగుతాడు, ఈయన పడకకుర్చీలో కూర్చుని సంతకం పెడతారు. గిట్టనివాళ్ళు దీన్ని తప్పుపడతారు. నేనొకటి అడుగుతాను. ఒకే రోజున కొత్తవలసలో ఇంటినీ, భోగాపురంలో బియ్యం మిల్లునీ, నౌపడలో ఉప్పు గోదామునీ స్వయంగా పరీక్షించగల మనిషిని మీరెక్కడైనా చూశారా? కొత్తవలసలో రైలు మారడానికే మనకి ఒక పూట పడుతుందే! అలాంటి మహానుభావుడు మన జిల్లాలో పుట్టినందుకు గర్వపడాలి.

ఇక మా పక్కింటి త్రిపురసుందరి గారి సంగతి. ఒంటి మనిషి. పేటలో ఆడపిల్లలకి వీణ నేర్పి బతుకుతారు. బడి విడిచిపెట్టాక పిల్లలు వస్తారు కనక పొద్దువాలాక పాఠం సాగాలని చినబాబు చేత లైటు పెట్టించుకున్నారు. మొదటి వానలకి గోడ చెమ్మగిల్లింది. ఒక సాయంత్రం కుడిచేత్తో హారతి పళ్ళెం పట్టుకుని, ఎడమచేత్తో స్విచ్చి నొక్కారు. కరెంటు విసిరి కొట్టింది. ప్రాణం దక్కింది గాని, ఎడమచేతి చూపుడువేలూ నడిమివేలూ మొద్దుబారిపోయాయి. వీణ మెట్లమీద తీగని నొక్కి స్వరం పలికించేది ఆ రెండు వేళ్ళే.

చినబాబుని పిలిపించి ఎర్తు తీగ ఎందుకు వెయ్యలేదని అడిగాం. వాడు తడుముకోలేదు.

"బాబుగారు ఎయ్యమన్నేదండి. సూడ్డానికి ఒచ్చినప్పుడు సెప్తారనుకున్నాను. ఆరొస్తేనే కదా."

కరెంటాఫీసుకి ఆవిడకి తోడు నేనే వెళ్ళాను. గుమాస్తా ఎంతో మర్యాదగా కాగితం తీసి చూశాడు.

"లైసెన్సుదారు పరీక్ష సేసి, లోపం లేదని రాసేరమ్మా. లోపం లేకపోతే షాకెలా వస్తాది? రాని షాకుకి మేమేటి సెయ్యగలం?"

ఎంత చక్కటి తర్కం! నేను తల ఊపాను. ఆవిడ మాత్రం చెయ్యి ముందుకు చాపి, "మరి ఈ వేళ్ళ సంగతేటి బాబూ?" అన్నారు. డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నాడు గుమాస్తా.

డాక్టరు గారూ లైసెన్సు ఉన్నవారే. వేళ్ళు మొద్దుబారాయని రాసిస్తానన్నారు. కరెంటువల్లే అని మాత్రం రాయనన్నారు, ఆ వేళకి తామక్కడ లేరు కనక. కళ్ళతో చూడనిదానికి సంతకం పెట్టరట! ఇలాంటి చాదస్తులుంటే దేశం ఎలా ముందుకి పోతుంది?

మొన్న చీకటిపడే వేళకి నరసింగరావు గారే ఆవిడ ఇంటికి వచ్చారు. తాను పరీక్షించిన ఇంటిని ఆయన చూడటం అదే మొదటిసారి. షాకు గొడవ గురించి కాదు, కూతురు పద్మకుమారికి వీణ చెప్పించాలని. నేను అక్కడే ఉన్నాను. ఆయన అన్నివైపులా చూసి, "మీకు డిప్లమో లాంటిదేదైనా ఉందాండి? పిల్ల విషయం కదా, ముందే కనుక్కోవాల" అన్నారు.

"చీకటి పడతన్నాది. ఆ లైటేసి కూర్చోండి, చెప్తాను" అన్నారావిడ.

నరసింగరావు గారు లేచి స్విచ్చి దగ్గరికి వెళ్ళారు. చెమ్మగోడని పైనుంచి కిందికి చూశారు. చేతిలోని గొడుగుని తిరగేసి, కర్రపిడితో మీట నొక్కారు.

లైటు వెలిగింది. ఆయన గొడుగుని మళ్ళీ సరిగ్గా పట్టుకుని, "అలవాటండి" అన్నారు.

"నాకు డిప్లమో లేదండి. ఎవరికి నేర్పినా ఈ వేళ్ళతోనే నేర్పేను. పాపని పంపండి, పాట చెప్తాను. వీణ చెప్పలేను" అన్నారు త్రిపురసుందరి గారు.

ఆయన సెలవు తీసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ ఒళ్ళో చెయ్యి పెట్టుకుని, ఆ రెండు వేళ్ళనీ రెండో చేత్తో నిమురుకుంటూ కూర్చున్నారు. నేను లేచి వచ్చేశాను.

చట్టాన్ని నేను ఇప్పటికీ ఏమీ అనను. ఒక చేతిని కాపాడాలని పుట్టింది, గీత కూడా పడకుండా కాపాడింది. ఆ చెయ్యి గొడుగు పట్టుకున్నవారిది.