మూడు రోజుల నాటి బ్రెడ్డు

ఆ గురువారం పొద్దున్న ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి భార్య బస్సు దిగుతుంది. పదకొండున్నరకు ఇంకో బస్సు ఎక్కి వెళ్ళిపోతుంది. ఈ మధ్యలో ఆవిడకు గుడ్డు బ్రెడ్డు చేసి పెట్టాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకూ అలాగే అనిపించింది.

గుడ్డు బ్రెడ్డంటే పెద్ద వంటేం కాదు. రెండు గుడ్లు, కాసిని పాలు, ఉప్పు, మిరియాల పొడి కలిపి గిలక్కొట్టి, అందులో నాలుగు బ్రెడ్డు ముక్కలు ముంచి, పెనం మీద వెన్నతో కాల్చడమే. ఆవిడ నర్సింగు హాస్టల్లో ఉన్నప్పుడు, బ్రిటన్‌లో చాన్నాళ్ళు పనిచేసి వచ్చిన మేట్రన్ దగ్గర నేర్చుకుంది. అక్కడ నెలాఖరులో ఇంట్లో ఇంకేమీ లేనప్పుడు చేసుకునే ఫలహారమట. చక్కెర వేసినవాళ్ళను వంటింట్లోంచి వెళ్ళగొట్టాలన్న మేట్రన్ నియమాన్ని కూడా ఆవిడ వంటతో పాటే కాపురానికి తెచ్చుకుంది. పన్నెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆ వెన్న వాసనకే ఆయనకు మెలకువ వచ్చేది.

ఎనిమిది నెలల కిందట ఆవిడ హెడ్ నర్సయి, ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళింది. అప్పటినుంచి ఆయన ఆదివారాలు అలారం పెట్టుకుని లేస్తున్నాడు. పళ్ళాలు రెండు తీసి, గుర్తొచ్చి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తున్నాడు. బ్రెడ్డు కొనడం మానేశాడు. ప్యాకెట్టు ఒక్కడికి ఎక్కువ, మిగిలింది మర్నాడు తినడం ఆయన చట్టానికి విరుద్ధం. గడువు తేదీలు భూతద్దం పెట్టి చదువుతాడని బజారంతా ఆయనకు 'భూతద్దం' అని పేరు పెట్టింది. ఆ భూతద్దం ఇంట్లో కూడా పనిచేసేది. రెండో రోజు బ్రెడ్డు ఆయన కంటపడితే చెత్తబుట్టలోకే.

ఇప్పుడు ఆవిడ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అక్కడే శాశ్వతంగా ఉండిపోతారా, పాత వార్డుకు తిరిగొస్తారా, ఏదో ఒకటి రాసి ఈ సాయంత్రంలోగా హెడ్డాఫీసులో ఇవ్వాలి. ఆ దారిలోనే ఇక్కడ బస్సు మారడం. ఆదివారం ఫోన్‌లో ఆవిడ అడిగింది, "ఏం రాయమంటారు?" అని.

వచ్చెయ్యమని చెప్పడానికి నోరు తెరిచి, ఆవిడ ప్రమోషనూ, అక్కడ ఇస్తామన్న క్వార్టరూ గుర్తొచ్చి, ఆయన "నీ ఇష్టం" అన్నాడు. "సరే అయితే," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆ 'సరే' నాలుగు రోజులుగా ఆయన్ని నిద్రపోనివ్వలేదు. మాటల్లో చెప్పడం తనవల్ల కాదని ఒప్పుకున్నాడు. తనిఖీ నివేదికలు తప్ప ఇంకేమీ రాసిన మనిషి కాదాయె. అందుకని గుడ్డు బ్రెడ్డు. ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే ఆవిడకే అర్థమైపోతుంది.

అయిదున్నరకు లేచి, ముందొకసారి చేసి చూద్దామని పొయ్యి వెలిగించాడు. ముందురోజు సాయంత్రమే బేకరీలో దింపిన మెత్తటి బ్రెడ్డు. ముక్కను గుడ్డులో ముంచి ఎత్తితే అంచు ఒక్కటే చేతికొచ్చింది, మిగతాది గిన్నెలో ఉండిపోయింది. రెండో ముక్క పెనం దాకా వచ్చి అక్కడ కూలబడింది. ఆయన తల పట్టుకుని అత్తగారికి ఫోన్ చేశాడు.

"ఏం నాయనా, తెల్లారకుండానే? అంతా బాగేనా?"

"బాగేనండీ. గుడ్డు బ్రెడ్డు ముద్దయిపోతోంది."

"ఎవరు చేస్తున్నారు?"

"నేనే."

అవతల ఆవిడ కాస్త సర్దుకోవలసి వచ్చింది. "బ్రెడ్డు ఎప్పటిది?"

"తాజాదండీ! నిన్న సాయంత్రందే."

"అదే మరి! తాజాది గుడ్డులో పడితే నానిపోదూ? మూడు రోజులు నిలవుండి బిరుసెక్కాలి. మా అమ్మాయి ఎప్పుడూ అలాంటి దాంతోనే చేసేది."

"మా ఇంట్లో మూడు రోజుల బ్రెడ్డు ఉండేదే కాదండీ. నేను పారేయించేవాణ్ణి."

"మీరు అలాగే అనుకోండి నాయనా," అని అత్తగారు ఫోన్ పెట్టేసింది.

ఆయన పొయ్యి ఆర్పేశాడు. పన్నెండేళ్ళ ఆదివారాలు, వారానికి రెండు ముక్కలు. తన ఇంట్లో, తన పళ్ళెంలో, గడువు దాటిన సరుకు. కోపం రావాలని ఎదురుచూశాడు. అది రాలేదు, ఆవిడ మీద బెంగే ఇంకాస్త ఎక్కువైంది. చొక్కా తగిలించుకుని బజారుకు పరిగెత్తాడు.

ఆరున్నరకు మూల మీది బేకరీ అప్పుడే తెరిచారు. భూతద్దాన్ని ఆ వేళప్పుడు గుమ్మంలో చూసి బేకరీ యజమాని కౌంటరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మూడు రోజుల నాటి బ్రెడ్డు ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కౌంటరు కింద పద్ధెనిమిది ప్యాకెట్లున్నాయి. "పిల్లల మీదొట్టు సార్! నిన్నటిది కూడా లేదు. మా దగ్గర ఏ రోజుది ఆ రోజే."

"భయపడకయ్యా. నేను డ్యూటీలో లేను. ఇంటికే, తినడానికి."

"మీరా సార్?"

"గుడ్డులో ముంచుకుని."

బేకరీ యజమాని ఆయన కళ్ళలోకి చూశాడు. ఆ కళ్ళలో నిజంగానే తడి ఉంది. ఇన్నేళ్ళలో బెదిరింపులు చూశాడు, మారువేషాలు చూశాడు. కన్నీళ్ళు పెట్టుకునే తనిఖీ ఎప్పుడూ చూడలేదు. వేడివేడి బ్రెడ్డు ఒకటి ఆయన చేతుల్లో కుక్కి, ఆయన మెట్టు దిగగానే షట్టరు సగం దించి ఫోన్ తీశాడు.

వీధి చివర కిరాణా కొట్టు పెద్దమ్మ దగ్గరకు ఇన్‌స్పెక్టర్ చేరేసరికి వార్త ఆయనకంటే ముందే చేరింది. పెద్దమ్మ అల్మరాలు ఖాళీగా మెరుస్తున్నాయి.

"పాతదేదైనా ఉందా పెద్దమ్మా? ఎంత పాతదైనా ఫరవాలేదు."

"అయ్యయ్యో, అంత మాటనకు బాబూ! నేనిక్కడ అన్నిటికంటే పాతదాన్ని. కావాలంటే నన్ను తీసుకుపో."

"నిజంగానే తినడానికి పెద్దమ్మా!"

"పోయినేడు బిస్కెట్ల మీద కేసు రాసినప్పుడు కూడా రుచి చూస్తాననే కదయ్యా తీసుకెళ్ళావు!"

మూడో కొట్టు ఆయన్ని చూసి మూసేశారు. నాలుగోది చూడకుండానే మూసేశారు. ఇన్‌స్పెక్టరు ఒక్కడే వచ్చాడన్న వార్త బజారు మధ్యకు వెళ్ళేసరికి ముగ్గురైంది, కూరగాయల వరస దాటేసరికి వ్యాను కూడా వచ్చింది. ఆయన ఎంత మెత్తగా అడిగితే అంత గట్టిగా తలుపులు పడ్డాయి. ఏడున్నరకు బస్టాండు క్యాంటీనులో పొయ్యిలు ఆర్పేశారు. పనులకు వెళ్ళేవాళ్ళు ఖాళీ కడుపులతో రోడ్డు మీద నిలబడి ఆయన వంక గుర్రుగా చూశారు.

సరిగ్గా అప్పుడే చెత్తబండి పక్కనుంచి వెళ్ళింది. దాని నిండా బ్రెడ్డే. ప్యాకెట్లు విప్పనివి, విప్పినవి, ఊళ్ళో ఉన్న నిలవ బ్రెడ్డంతా ఒక్కచోట చేరి ఆయన కళ్ళ ముందే వెళ్ళిపోతోంది. "ఆపండి!" అంటూ ఆయన వెంటపడ్డాడు. ఒక చెప్పు తెగింది. రెండోదాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. మలుపులో బండి ఆగింది.

బండి తోలే ఆవిడ తలుపులోంచి తొంగి చూసింది. "సాక్ష్యం కోసమా సారూ? కావలసినంత తీసుకోండి."

చేపల పొలుసుల పక్కనున్న ప్యాకెట్టు మీద ఆయన భూతద్దం పెట్టాడు. సోమవారం నాటిది. సరిగ్గా మూడు రోజులు. వేలితో నొక్కాడు, కావలసినంత బిరుసుగా ఉంది. కానీ చెత్తబండిలోది తెచ్చి ఆవిడకు పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. ప్యాకెట్టును మెల్లగా వెనక్కి పెట్టి, "పోనివ్వమ్మా," అన్నాడు.

జేబులో ఫోన్ మోగింది. పై అధికారి. "శభాష్ అయ్యా! ఒక్క పూటలో బజారంతా శుభ్రం చేశావట! పదింటికి ఆఫీసుకు వచ్చి నివేదిక ఇవ్వు. నేనే పైకి పంపుతాను."

"ఇవాళ రాలేను సార్."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"ఇంట్లో బ్రెడ్డు పని ఉంది సార్," అని ఆయన ఫోన్ పెట్టేశాడు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో అది ఆయన మొదటి సెలవు.

తొమ్మిదింటికి బస్సు దిగిన ఆయన భార్యకు టీ చుక్క కూడా దొరకలేదు. క్యాంటీను మూసేసి ఉంది. బజారు మూసేసి ఉంది. ఆయన స్టాండుకు రాలేదు. ఇంటికి రావడం కూడా నా ఇష్టమేనేమో అనుకుంది. కాగితంలో 'అక్కడే ఉంటాను' అన్నచోట రాత్రే టిక్కు పెట్టింది, సంతకం ఒక్కటే మిగిలింది. సంచీ భుజాన వేసుకుని నడుస్తుంటే, సగం దించిన షట్టరు కింద మెట్టు మీద బేకరీ యజమాని దిగాలుగా కనిపించాడు.

"ఏంటన్నా, ఊరంతా ఇలా ఉంది?"

"నర్సమ్మా! సమయానికొచ్చారు. మీవారిని వెంటనే ఎవరికైనా చూపించండి."

"ఏమైంది ఆయనకి?"

"ఒంటికేం కాలేదు. పొద్దున్నే వచ్చి మూడు రోజుల నాటి బ్రెడ్డు కావాలన్నారు. ఎందుకండీ అంటే ఇంట్లో తినడానికంట! గుడ్డులో ముంచడానికంట! చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అందరం భయపడి ఉన్నదంతా చెత్తబండికి ఎత్తేశాం. ఆ బండి వెంట కూడా చెప్పు చేత్తో పట్టుకుని పరిగెత్తారట!"

ఊరు మొత్తానికి అర్థంకాని ఆ సంగతి ఆవిడకొక్కదానికే అర్థమైంది. సంచీ కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ మొహం అటు తిప్పుకుని రుమాలుతో కళ్ళు తుడుచుకుంది. 'నీ ఇష్టం' అన్న మనిషి ఆరున్నర నుంచి వీధివీధీ తిరిగి ఇంకోమాట చెబుతున్నాడు, అదీ తన కోసం.

"ఒక్కటి కూడా మిగల్లేదా అన్నా?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒకటుంది. స్కూటరు సీటు కింద. బండి వెళ్ళిపోయాక కనబడింది. ఎక్కడ పారేయాలో తెలీక కూర్చున్నా."

"నాకివ్వు."

"ఆ ఇంటికా తీసుకెళ్ళేది! నన్ను బతకనివ్వరా?"

"ఎక్కడ దాచాలో నాకు తెలుసన్నా. పన్నెండేళ్ళ అనుభవం."

ఆవిడ ఇంట్లోకి వెళ్ళేసరికి ఆయన వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నాలుగు గుడ్లు, వెన్న, రెండు పళ్ళాలు. కాళ్ళకు చెప్పుల్లేవు. ఎనిమిది నెలలు ఎదురుచూసిన మనిషి గుమ్మంలో నిలబడితే ఆయన నోట ముందుగా వచ్చిన మాట, "బ్రెడ్డు దొరకలేదు."

ఆవిడ సంచీలోంచి ప్యాకెట్టు తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన చెయ్యి అలవాటుకొద్దీ జేబులోని భూతద్దం దగ్గరికి వెళ్ళింది. దాని అవసరం లేకుండానే అక్షరాలు కనిపించాయి. గడువు నిన్ననే దాటింది. ఆయన ప్యాకెట్టు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ప్యాకెట్టును బోర్లా తిప్పి పెట్టాడు.

"గుడ్లు గిలక్కొట్టనా?" అన్నాడు.

"కొట్టండి. నేను ముట్టుకోను. చెబుతుంటాను, అంతే."

మొదటి ముక్క మాడింది. రెండోది విరిగింది. మూడోది గుడ్డు పీల్చుకుని, వెన్నలో చిటపటలాడి, అంచులు ఎర్రబడి నిలబడింది. ఆ వాసన వంటింట్లోంచి ముందుగదిలోకి వెళ్ళింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో లేని ఆదివారం ఆ గురువారం వచ్చింది. ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పెక్కువైంది," అంది, ఇంకో ముక్క తుంచుకుంటూ.

ఆవిడ చెప్పకుండానే అర్థం చేసుకుందని ఆయనకు తెలిసింది. అయినా చెప్పకుండా ఉండలేకపోయాడు. "ఆదివారం ఫోన్‌లో నీ ఇష్టం అన్నాను చూడు, అది అబద్ధం."

"మరి నిజమేంటి?"

"నువ్వు లేకపోతే నాకు బాగాలేదు. ఒక్కరోజు కూడా బాగాలేదు. వచ్చెయ్."

ఆవిడ తింటున్నది ఆపింది. "ఈ ముక్క నాలుగు రోజుల కిందటే అని ఉంటే, ఊళ్ళో ఇంతమంది పస్తుండేవాళ్ళు కాదు కదండీ," అంది. వెన్న వేళ్ళు తుడుచుకుని, సంచీలోంచి కాగితం తీసి, పెట్టిన టిక్కు కొట్టేసి దాని కిందిచోట ఇంకోటి పెట్టింది. ఆయన చూస్తుండగానే సంతకం చేసింది.

పదకొండింటికి బయల్దేరే ముందు మిగిలిన బ్రెడ్డును గుడ్డలో చుట్టి, అటక కింద పిండి డబ్బాను పక్కకు జరిపింది. దాని వెనక గోడకూ డబ్బాకూ మధ్య సరిగ్గా ఒక ప్యాకెట్టు పట్టే చోటుంది. పన్నెండేళ్ళుగా అక్కడ చోటుందని ఆయనకు తెలియదు.

"ఆర్డరు రావడానికి నెలైనా పడుతుంది. ఈలోపు ఆదివారం ఆదివారం వస్తుంటాను. ఇది అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది, ముట్టుకోకండి."

"ఆదివారానికి దీనికి ఆరు రోజులవు…"

"ఇన్‌స్పెక్టర్ గారూ!" అందావిడ.

ఆయన నోరు మూసుకుని సంచీ అందుకున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా స్టాండులో నిలబడి, ఇంటికొచ్చి, పిండి డబ్బా జరిపి ఒకసారి చూసుకుని, మళ్ళీ దగ్గరికి నెట్టాడు.

ఆ సాయంత్రం పై అధికారి అడిగిన నివేదిక రాసి పంపాడు: ఈ పట్టణంలో ఏ దుకాణంలోనూ గడువు దాటిన బ్రెడ్డు లేదు. ఇళ్ళ సంగతి ఆ ఫారంలో అడగలేదు.