నాలుగు వేల పక్షుల తొట్టి

"ఈ రాష్ట్రంలో ఏ పక్షీ ఇకపై స్నానం చెయ్యకుండా నిద్రపోదు" అని మా పార్టీ మండలాధ్యక్షులు గౌరీశంకర్ గారు మార్చి ఒకటో తేదీన తమ పెరట్లో, మైకు పట్టుకుని ప్రకటించారు. పెరట్లో మైకెందుకని మీరు అడగవచ్చు. మహానుభావులు మామూలుగా మాట్లాడరు.

మాది ఉద్దానంలో, అక్కుపల్లి వెళ్లే దారిలో ఒక ఊరు. నేను ఒక దినపత్రికకి జిల్లా పేజీలో వార్తలు రాస్తుంటాను. ఆయన పెరటి గోడకి ఇవతల వైపు మా ఇల్లు. కాబట్టి ఈ చారిత్రక ఘట్టాలన్నీ మా వంటింటి కిటికీలోంచి, కాఫీ తాగుతూ చూసే భాగ్యం నాకు దక్కింది.

ప్రభుత్వం ఆ నెలలోనే 'విహంగ జలవిహార్' పథకం పెట్టింది. ఇంటి పెరట్లో పక్షులకి ఒక నీళ్ల పళ్లెం పెట్టాలి, రోజూ కడగాలి, అంతే. కానీ మోడల్ యూనిట్ కట్టే బాధ్యతని గౌరీశంకర్ గారు తన మీద వేసుకున్నారు. పథకం స్పెషల్ ఆఫీసర్ మనోహర్ గారు చిన్న పుస్తకం పట్టుకుని వచ్చారు.

"సార్, గైడ్‌లైన్స్ ప్రకారం లోతు రెండంగుళాలు మించకూడదు. మధ్యలో నాలుగు గులకరాళ్లు వేస్తే చాలు."

"రెండంగుళాల నీళ్ల కోసం మంత్రిగారు పలాస దాటి ఇంత దూరం వత్తారేటయ్యా?"

"లోతైతే పక్షి మునిగిపోతుంది సార్."

"ఈత నేర్చుకుంటాది."

పదిహేను రోజుల్లో మోకాలి లోతు తొట్టి లేచింది. నీలం టైల్స్, చుట్టూ స్టీలు రెయిలింగు, దిగడానికి మూడు మెట్లు. మెట్లు పక్షులకే. మొదటి రోజు ఒక కాకి వచ్చి రెయిలింగు మీద వాలి, తల వంచి లోపలికి చూసి, వెళ్లిపోయింది. అదే ఆఖరి పక్షి.

ఇక మెయింటెనెన్స్. పుస్తకంలో రాసినట్టు పాచి పట్టకుండా కొబ్బరి పీచుతో తోమాలి, సబ్బు వాడకూడదు, దోమలు గుడ్లు పెట్టకుండా ఏ రోజు నీళ్లు ఆ రోజు మార్చాలి. ఈ పనికి చిన్నతల్లిని పెట్టారు. ఆవిడ ఎనిమిదింటికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లాలి కాబట్టి తెల్లారి ఐదింటికే వచ్చి తోమేది.

"బోరు నీళ్లు పోసెయ్యమంటారా బాబూ?" అని మొదటి రోజు అడిగింది.

గౌరీశంకర్ గారి ముఖం గంభీరమైంది. "మన ఉద్దానం బోరు నీళ్లు పిట్టలకి పొయ్యమంటావేటి? వాటి కిడ్నీలేం కావాల?"

చిన్నతల్లి చేతిలో పీచు ఆగింది. ఆవిడ భర్త ఈశ్వరరావు వారానికి రెండుసార్లు ఆటోలో పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. శుద్ధి చేసిన నీళ్లు తప్ప చుక్క ముట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఊరి వాటర్ ప్లాంటులో ఫిల్టరు పోయి పద్నాలుగు నెలలైంది. ఆవిడ ఇచ్చిన అర్జీలు మూడు. మూడూ పరిశీలనలో ఉన్నాయి. పరిశీలన అంటే ఆషామాషీ కాదు, దానికి టైం పడుతుంది.

పక్షుల ఫైలు మాత్రం రెండు రోజుల్లో కదిలింది. రోజూ పలాస నుంచి ఐదు వందల లీటర్ల మంచినీళ్లతో చిన్న ట్యాంకరు రావడం మొదలైంది. ప్రభుత్వం తలుచుకుంటే పని ఎలా జరుగుతుందో అప్పుడు చూశాను.

నీళ్లు మార్చాలంటే ముందు పాతవి తీసెయ్యాలి గదా. తీసెయ్యడానికి చిన్నతల్లి సందులోంచి ఇంకో ముప్పై తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లు సాయం వచ్చేవారు, తలో పది లీటర్ల బిందెతో. ఏ పక్షీ కాలు పెట్టని నీళ్లు అవి. మా మండలంలో అంత శుభ్రమైన నీళ్లు ఇంకెక్కడా లేవు. గౌరీశంకర్ గారు ఎనిమిదింటికి లేచేవేళకి పెరడు ఖాళీ.

వారం తిరక్కుండా మనోహర్ గారు, నీటి మట్టం కొలవడానికి తొట్టి గోడకి వేసిన గీతలు చూసి తెల్లబోయారు.

"సార్, రోజుకి నాలుగు వందల లీటర్లు తగ్గుతున్నాయి. ఫార్ములా ప్రకారం పక్షికి తాగడానికి, స్నానానికి వంద మిల్లీలీటర్లు. అంటే నాలుగు వేల పక్షులు సార్."

"నాకొక్కటీ కనపడలేదేటి?"

"అవి సిగ్గరులు సార్. స్నానం చేసేటప్పుడు కనపడవు."

సైన్సు ముందు ఎవరైనా తల వంచాల్సిందే. 'గౌరీశంకర్ పెరట్లో నాలుగు వేల మంది అతిథులు' అని నేను వార్త రాశాను. టెక్కలి వైపు కొంగలు దిగే చోట ఎప్పుడో తీసిన ఫోటో ఒకటి ఉంటే, అది జత చేశాను. బిందెల సంగతి రాయలేదు. రాస్తే ట్యాంకరు ఆగిపోతుందని నా భయం. పేపర్లో నా పని కూడా ఆగిపోతుందని ఇంకో భయం, అది కాస్త పెద్దది.

ఏప్రిల్‌లో మంత్రిగారు వచ్చారు. చిన్నతల్లి చేత దండ వేయించారు. దండ వేసి ఆవిడ మైకు దగ్గరే నిలబడిపోయింది.

"మా ప్లాంటు బాగు సేయించండి బాబూ. నా పెనిమిటి ఆ నీళ్లు తాగితేనే బతుకుతాడు."

కెమెరాలు తిరుగుతున్నాయి. మంత్రిగారు చలించిపోయి అక్కడికక్కడే ఆర్డరు వేశారు. పద్నాలుగు నెలలుగా కాని పని నాలుగు రోజుల్లో అయింది. ప్లాంటు నడిచింది. ఈశ్వరరావు అరుగు మీద కూర్చుని గ్లాసు నిండా తాగుతుంటే చూశాను. నిజం చెబుతున్నాను, నా కడుపు నిండింది.

ఐదో రోజు మనోహర్ గారు పరుగెత్తుకొచ్చారు. "సార్, కొంప మునిగింది. తొట్టిలో నీళ్లు చుక్క తగ్గలేదు. ఫార్ములా ప్రకారం పక్షులు సున్నా. సోమవారం ఢిల్లీ టీమ్ వస్తోంది, జాతీయ అవార్డుకి."

గౌరీశంకర్ గారు చిన్నతల్లిని పిలిచారు. "పిట్టలు ఏవైపోనాయే?"

"పిట్టలేటి బాబూ? ఇందులో ఏనాడూ ఒక్కటీ దిగనేదు. ఈ లోతు సూసి కాకే బయపడిపోనాది. నీళ్లు మేమే తోడుకెల్లేవోళ్లం. ఇప్పుడు ప్లాంటు బాగయింది గదా, ఇంక మాకెందుకూ?"

గౌరీశంకర్ గారి భార్య ప్రసన్నలక్ష్మి గారు కాఫీ తెచ్చి, ముఖాలు చూసి, కప్పులతో సహా లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు ప్లాంటుకి తాళం. తలుపు మీద బోర్డు: 'పక్షి సంరక్షణ దృష్ట్యా తాత్కాలికంగా నిలిపివేయడమైనది.' బోర్డు ముందు ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. చిన్నతల్లి నన్ను అడిగి చదివించుకుంది.

"అయితే మమ్మల్ని మల్లీ పిట్టల్ని సేసేసినారన్నమాట" అంది.

నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే ఆవిడ భర్తని తీసుకుని ఇచ్ఛాపురంలో అప్పగారింటికి వెళ్లిపోయింది. వాళ్ల గుమ్మానికీ తాళం పడింది. దానికి బోర్డేమీ లేదు.

సోమవారం ఢిల్లీ టీమ్ గీతలు కొలిచి, లెక్క కట్టి, పెదవి విరిచింది.

"మూడు వేల తొమ్మిది వందలే ఉన్నాయి. పోయిన నెల నాలుగు వేలు. వంద ఎందుకు తగ్గాయి?"

ఎందుకు తగ్గాయో నాకు తెలుసు, మనోహర్ గారికి తెలుసు, గౌరీశంకర్ గారికి తెలుసు. ముగ్గురం తొట్టి వైపు చూశాం. టైల్స్ మెరుస్తున్నాయి.

"ఒక్క నెల టైమివ్వండి సార్" అన్నారు గౌరీశంకర్ గారు వినయంగా. "ఆరు వేలు చేసి చూపిస్తాను."

టీమ్ కార్లెక్కాక ఆయన మనోహర్ గారి భుజం మీద చెయ్యి వేశారు.

"పక్కూళ్లో వాటర్ ప్లాంటు ఎలాగుందయ్యా?"

"బ్రహ్మాండంగా నడుస్తోంది సార్."

"అదీ సంగతి. పిట్టలు ఎలా వత్తాయి మరి?"