మైలారం దామన్న మీద కేసు

"ఈ కోరుట్లల ఎవడన్న నేరం చెయ్యాలంటే ముందుగాల నా మొఖం యాది చేసుకుంటడు. చేసుకొని మానుకుంటడు. నాది మెదడు కాదు మధూ, ఎక్స్‌రే మిషన్!" అన్నడు విశ్వజిత్, నా స్టూడియోల కాలు మీద కాలేసుకొని.

గట్లనే లేశి, మూసిన అద్దం తలుపుకు ధన్‌మని నెత్తి కొట్టుకున్నడు. ఎక్స్‌రే మిషన్‌కు అద్దం కనబడలే.

విశ్వజిత్ నాకు పదో తరగతి సంది దోస్తు. బాపు రావు సారు ఒక్కగానొక్క కొడుకు. వాళ్ళ తాతలు ఊర్లకు ఊర్లు ఏలిండ్రట. ఈయనకు ఏలడానికి నా ఫొటో స్టూడియో ఒక్కటే మిగిలింది. విజిటింగ్ కార్డు మీద 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బంగారు అక్షరాలు కొట్టించుకున్నడు. ఇప్పటిదాక పట్టుకున్న దొంగలు ఇద్దరు. ఒకరు తాళంచెవి మరిచిపోయి సొంత ఇంటి గోడ దూకుతున్న బాపు రావు సారు. ఇంకోటి బర్రె.

ఆ రోజు నాకు నిజంగనే ఓ కష్టమొచ్చి ఉండె. మా మేనత్త చంద్రవ్వ సిరిసిల్ల నుంచి పొద్దుగాలనే వచ్చి నా బెంచీ మీద కూసున్నది. ముప్పై ఏండ్ల సంది మరమగ్గాలకు దారం కండెలు చుట్టుడే ఆమె పని. కిందటేడు కోడలు సింధూజ వేలు ఆ చుట్టే మిషన్ల వడి నలిగింది. దారం తెగినా మిషన్ ఆగది, అందుకోబోతే చెయ్యి పోతది. అత్త నెల రోజులు ఓ పాత సైకిల్ బ్రేకు, ఓ డబ్బ మూత, ఓ స్ప్రింగు ముందటేసుకొని కూసున్నది. ఆఖరికి దారం తెగంగనే మిషన్ దానంతటదే ఆగేటట్టు చేసింది. చదివింది మూడో తరగతి.

హైదరాబాద్‌ల ఓ సంస్థ గిసొంటి పనిముట్లు ఏరి, నచ్చినయి తయారు చేయించి ఆడోళ్ళకు పంచుతదట. ఎనిమిది నిమిషాల వీడియో మెయిల్ చెయ్యాలె. ఆ సాయంత్రం అయిదింటికే ఆఖరు. వాట్సప్‌ల పంపి చూస్తే బొమ్మ మసకయి దారమే మాయమైంది. అత్త ఉత్త గాలిల చేతులాడిస్తున్నట్టు కనబడ్డది. నేనేమో పెండ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌ల వేసిచ్చెటోన్ని. విశ్వజిత్‌కు నేరాల సంగతి ఎంత తెలుసో నాకు మెయిళ్ళ సంగతి అంత తెలుసు.

తొమ్మిదింటి సంది నాలుగుసార్లు పంపిన. నాలుగుసార్లు వాపసొచ్చింది.

"వాపసా?" విశ్వజిత్ నెత్తి రుద్దుకుంట కంప్యూటర్ మీదికి ఒంగిండు. "ఎవడు పంపుతున్నడు వాపసు? పేరు ఉందా?"

"ఏదో ఇంగ్లీషు పేరున్నది."

కూడబలుక్కుంట చదివిండు. "మె... యి... ల... ర్... డే... మ... న్." ఉన్నట్టుండి గొంతు తగ్గించిండు. "మైలారం దామన్న!"

"అది మనిషి పేరు కాదేమో విశ్వా, మెయిల్ వాపసు పంపే మిషన్ పేరేమో. కింద ఫైలు మస్తు పెద్దగున్నదని రాసుంది సూడు."

"ఫైలు పెద్దదంటే కేసు పెద్దదని! కోడు భాష, మధూ. దీని వెనుక ఒక అదృశ్య హస్తం పనిచేస్తోంది!" కేసు దొరికితే చాలు, ఆయన పుస్తకాల భాషలకు దిగుతడు.

"ఆ చెయ్యేదో ఉంటే మా ఇంటికి తోలియ్యి సారూ," అన్నది అత్త. "రెండు కండెలన్న చుడుతది."

విశ్వజిత్ ఆమె మాట పట్టించుకోలే. "ముందు సాక్ష్యాన్ని భద్రపరచాలి" అనుకుంట వీడియోను ఇంటర్నెట్‌ల ఉన్న తన రహస్య లాకర్ల ఎక్కించిండు. ఆ లాకర్ల అప్పటిదాక ఉన్నయి ఆయన ఫొటోలే. నా మెయిల్ కూడ తన ఫోన్ల తెరిచి పెట్టుకున్నడు, నిఘా కోసమట.

గప్పుడే చాయ్ తెచ్చిన లచ్చయ్య మా మాటలు విని, "మైలారం దామన్ననా? జగిత్యాల పార్సిల్ ఆఫీసుల ఉంటడు గద" అన్నడు. "వచ్చినయి తీసుకునుడు, పోయేటియి పంపుడు ఆయన పనే."

"గొలుసు కలుస్తోంది!" అని విశ్వజిత్ ఒక్క ఉదుటున లేశిండు. ఈసారి తలుపు నేనే తెరిచి పట్టుకున్న.

నేను నమ్మలే. కని నాలుగుసార్లు వాపసొచ్చినంక మనిషికి ఎవలి మీదనన్న కోపం చెయ్యాలనిపిస్తది. అప్పటికే పన్నెండు దాటింది, పెన్‌డ్రైవ్ బస్సులేసినా హైదరాబాద్‌ల అయిదింటికి అందది. అత్త చీర కొంగు నడుముకు చెక్కుకున్నది. "పా కొడుకా. వాడెవ్వడో నేనే అడుగుత."

బాపు రావు సారు పాత జీపుల బయలెల్లినం. మారువేషమని విశ్వజిత్ ఉన్న మీసం మీద ఇంకో మీసం అతికించుకున్నడు. దారిల జీపు రెండుసార్లు ఆగింది. జగిత్యాల చేరెటాళ్ళకు మూడు దాటింది.

పార్సిల్ ఆఫీసుల ఓ అరవై ఏండ్ల పెద్దమనిషి మూటలు తూకమేసుకుంట కూసున్నడు.

"పేరు?" గద్దించిండు విశ్వజిత్.

"దామోదర్. దామన్న అంటరు."

"ఊరు?"

"మైలారం."

విశ్వజిత్ సంతోషంతోని నా కాలు తొక్కిండు. "పెద్దగున్నయి వస్తే ఏం జేస్తవ్?"

"వాపసు పంపుత."

"ఎవలియైనా?"

"మా బామ్మర్దియైనా పంపుత. రూలంటే రూలే."

"ఇయ్యాళ పొద్దటి సంది ఎన్ని పంపినవ్?"

దామన్న రిజిస్టర్ తిప్పిండు. "నాలుగు."

"ఒప్పుకున్నడు!" విశ్వజిత్ అరిచిన అరుపుకు పై మీసం ఊడి తూకం పళ్ళెంల వడ్డది. దామన్న దాని బరువు చూసి, రిజిస్టర్ దిక్కు చూసి, రాయాల్నా వద్దా అని ఆలోచించిండు.

అత్త ముందటికి నడిచింది. "ఏమయ్యా, ఆడోళ్ళ వేళ్ళు మిగలాలని నేనొకటి చేసుకుంటి. నీకేం అడ్డమొచ్చింది?"

"నీ మూట ఎంత తూగుతదవ్వా?"

"మూట కాదు. వీడియో."

"వీడియోకు తూకమేంది?"

అత్త నా చేతిల పెన్‌డ్రైవ్ గుంజుకొని పళ్ళెంల వెట్టింది. దామన్న అద్దాలు సదురుకున్నడు. "పది గ్రాములు సుత లేదు. గింత దాన్ని ఎవలు వాపసు పంపిండ్రవ్వా? వాళ్ళ మీద కంప్లైంట్ రాయాలె!"

"గదే గదా నేననేది!" అన్నది అత్త, కూలబడి. దామన్న ఆమెకు స్టూలు వేసిండు, మంచినీళ్ళిచ్చిండు. నేరస్తుడు ఇంత మర్యాద చేసుడు నేనెక్కడ చూడలే.

విశ్వజిత్ మాత్రం ఆ మూలకు పోయి ఫోన్ల చకచక టైపు చేసుడు పెట్టిండు. నేను తొంగి చూసిన. "మైలారం దామన్నా! నీ ఆటలు ఇక సాగవు. నీ పాపం పండింది. సాక్ష్యం నా గుప్పిట్లో ఉంది. చూసి గజగజ వణుకు!" అని రాసి, కింద లాకర్ అడ్రసు అతికిచ్చిండు. ఎవ్వరైనా తెరిచి చూసేటట్టు తాళం సుత తీశిండు. దామన్న చూడకుంటే ఎట్ల వణుకుతడని.

"పంపిన. ఇగ వాని ఫోన్ మోగుతది, చూడు."

ముగ్గురం దామన్న ఫోన్ దిక్కు చూసినం. అది బటన్ల ఫోన్. మోగలే. టైము నాలుగుంబావు.

వాపసొచ్చేటప్పుడు జీపుల అత్త బయటికే చూసుకుంట కూసున్నది. అయిదు కొట్టంగ నేను గడియారం దిక్కు చూసుడు బంద్ వెట్టిన. కోరుట్ల పొలిమేరల నా ఫోన్ మోగింది.

"మధుకర్ గారేనా అండీ? నేను ప్రియదర్శిని, హైదరాబాద్ నుంచి. మీ మెయిల్ వచ్చింది."

"ఏ మెయిలండి?"

"నాలుగుంబావుకు వచ్చింది. ముందు చాలా భయపడ్డామండీ. దామన్న అనేవారు మా ఆఫీసులో ఎవరూ లేరు, పోలీసులకు చెబుదామనుకున్నాం. ఎందుకైనా మంచిదని కింద లింకు నొక్కితే చంద్రవ్వ గారి వీడియో! దారం తెగడం, మిషన్ ఆగడం ఎంత స్పష్టంగా ఉందో! అంత పెద్ద ఫైలు మెయిల్‌లో పట్టదండీ, లింకే పంపాలి. తెలియక చాలామంది మెయిల్‌లోనే పంపి, వాపసు వచ్చిందని ఊరుకున్నారు. మీరు భలే తెలివిగా పంపారు."

నేను విశ్వజిత్ ఫోన్ గుంజుకొని చూసిన. దామన్నకు పంపుతున్న అనుకొని ఆయన నొక్కింది నేను పొద్దున పంపిన మెయిల్ కింద ఉన్న 'జవాబు' బటన్. అది సక్కగ ఆ సంస్థకే పోయింది.

"గురువారం ఆ పనిముట్టు తీసుకుని రమ్మనండి ఆవిడని," అన్నది ప్రియదర్శిని. "మొదటి విడతలో వంద చేయించాలనుకుంటున్నాం."

అత్తకు చెప్పిన. ఆమె ఎడమచేత్తోని కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే పట్టి చూసుకున్నది. కొంగుతోని మొఖం తుడుసుకొని, "వంద అంటే మా వాడకట్టు మొత్తానికి వస్తయి గదా కొడుకా" అన్నది.

"అంతా నా పథకం ప్రకారమే జరిగింది," అన్నడు విశ్వజిత్, కాలర్ సవరించుకుంట. నిజం చెప్పి ఏం లాభమని నేను నోరు మూసుకున్న.

గురువారం పొద్దున సిరిసిల్ల బస్టాండుల ముగ్గురం తయారైనం. ఇంత విలువైన యంత్రానికి రక్షణ లేకుంటే ఎట్లని విశ్వజిత్ తనే వచ్చిండు. బస్సు కిటకిట ఉన్నది. అత్త మూడు టికెట్లు తీసింది. కిటికీ పక్క సీట్ల తన పనిముట్టును పెట్టింది, దాని పక్కన తను కూసున్నది, వెనకాల నన్ను కూసోమన్నది.

"అవ్వా, మరి నాకు?" అన్నడు విశ్వజిత్.

"రక్షణకొచ్చినోడు కూసుంటడా సారూ?" అన్నది అత్త.

హైదరాబాద్ దాక డిటెక్టివ్ గారు నిలబడే వచ్చిండు.