షుగర్ దాకా సైకిలు మీద

మన కృష్ణా డెల్టాలో సైకిలు తొక్కుకోవడానికి ఒక్క ప్రశాంతమైన రోడ్డు కూడా లేకపోవడం మన పూర్వజన్మ సుకృతం. ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

నమ్మరా? అయితే ఫ్రాన్సు వాళ్ల సంగతి చూడండి. అక్కడ ఏదో నది ఉంది. దాని పేరు పలకబోతే నా నాలుక మొరాయించింది, కాబట్టి వదిలేద్దాం. ఆ నది లోయలో పల్లెల మీదుగా సైకిళ్ల కోసమే సన్నటి రోడ్లు వేసి పెట్టుకున్నారు. పక్కన ద్రాక్షతోటలు, పైన పిట్టల కూతలు. పొద్దున బయల్దేరిన మనిషిని సాయంత్రం దాకా ఒక్కడు కూడా ‘ఎక్కడిదాకా అండీ’ అని అడగడు. ఇంతకంటే దిక్కులేని బతుకు ఉంటుందా?

అక్కడి వీడియో ఒకటి చూసే మన లక్ష్మీకాంత్ చెడిపోయాడు.

లక్ష్మీకాంత్‌కి పటమటలో టైల్స్ షాపుంది, కారుంది, తొమ్మిదో తరగతి చదివే కీర్తన అనే కూతురుంది. షేర్ ఆటోలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని బడికి వెళ్లొచ్చే ఆ పిల్ల, ఒకరోజు ఈ ఫ్రెంచి వీడియో తండ్రికి చూపించి, “మనకీ నది ఉంది కదా నాన్నా” అంది.

ఆ మాట ఆయన మనసులో దిగిపోయింది. నిజమే, నది ఉంది. నది పక్కన కరకట్ట ఉంది. కట్ట మీద తారు రోడ్డుంది. షేర్ ఆటో పెద్ద రోడ్డున తిరిగి వెళ్తుంది గానీ, కట్ట మీదుగా వెళ్లినా చోడవరం అవతల కీర్తన బడి వస్తుంది. ఇంకేం కావాలి? వెళ్లి సైకిలు కొనుక్కొచ్చాడు. నీలం రంగు, ముందు చిన్న బుట్ట, హ్యాండిల్‌కి రిబ్బన్లు. ఒక్కటే షరతు పెట్టాడు. ముందు తను కట్ట మీదుగా ఉయ్యూరు దాకా తొక్కి చూస్తాడు. దారి బాగుంటే సోమవారం నుంచి కీర్తన సైకిలు మీద బడికెళ్లొచ్చు. బాగోలేకపోతే మళ్లీ షేర్ ఆటోయే.

కీర్తన శనివారం రాత్రే సైకిలు తుడిచి, బుట్టలో తన మంచినీళ్ల సీసా పెట్టింది.

ఆదివారం పొద్దున్నే లక్ష్మీకాంత్ యనమలకుదురు దగ్గర కట్ట ఎక్కాడు. దాచుకోవడం దేనికి, మొదట్లో చాలా బాగుంది. కుడి పక్క నది, ఎడమ పక్క పసుపు చేలు, అరటి తోటలు, లేత ఎండ. ఆయన చిన్నప్పుడు కంకిపాడులో సైకిలు నేర్చుకున్న రోజులు గుర్తొచ్చి ఈల కూడా వేశాడు. కీర్తనకి ఇది చూపించాలి అనుకున్నాడు.

అప్పుడే పక్కన ఒక బుల్లెట్ ఆగింది. మొన్నీమధ్య ఆయన షాపులోనే టైల్స్ కొన్న శివాజీ.

“కారేమైందండీ?” అన్నాడు శివాజీ, రిబ్బన్ల వంక చూస్తూ.

“ఏం కాలేదండీ. ఊరికే, ఉయ్యూరు దాకా.”

“ఊరికే ఏంటండీ బాబూ.”

పాఠక మహాశయులారా, ‘ఊరికే’ అనేది మన జిల్లాలో కారణంగా చెల్లదు. కారున్న మనిషి సైకిలెక్కాడంటే వ్యాపారమైనా మునిగిపోయి ఉండాలి, ఒంట్లోనైనా బాగోకపోయి ఉండాలి. మూడోది మన బుర్రకి తట్టదు. షాపు మునిగిందని ఊరంతా అనుకుంటే ఉన్న గిరాకీ పోతుందని లక్ష్మీకాంత్ కంగారుపడ్డాడు. కాస్త గౌరవంగా ఉండేలా ఉయ్యూరులోనే ఒక గమ్యం చెబుదామనుకున్నాడు.

“షుగర్ ఫ్యాక్టరీ దాకా వెళ్లొస్తానండీ” అన్నాడు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఇసుక టిప్పర్ హారన్ కొట్టింది. ఆ హారన్ మోతలో ‘షుగర్’ ఒక్కటే ప్రాణాలతో బయటపడింది, మిగతా మాటలు టిప్పర్ కిందే పోయాయి.

“అయ్యో, ఎప్పట్నుంచండీ?” అని శివాజీ అరిచాడు.

ఎప్పుడు బయల్దేరారని అడుగుతున్నాడనుకున్నాడు లక్ష్మీకాంత్. “ఇవాళ పొద్దుట్నుంచే” అని తనూ అరిచాడు.

శివాజీ జాలిగా తలూపి ఫోన్ తీశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి హారన్‌కి న్యాయం చేయాలి. హారన్ లేని ఫ్రాన్సులో సైకిలు తొక్కేవాడికి తను బతికున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? మన దగ్గర ప్రతి అర నిమిషానికీ గుండె ఒకసారి ఆగి, మళ్లీ కొట్టుకుని, రూఢి చేస్తుంది. వాళ్లు డబ్బులిచ్చి పౌడర్ కొనుక్కుంటారు. మనకి టిప్పర్లే ఇసుక చల్లుకుంటూ వెళతాయి. వాళ్ల రోడ్డు చదునుగా ఉంటుంది, అందుకే తొక్కుతూ తొక్కుతూ నిద్రపోతారు. మన గుంతలు మనిషిని నిద్రపోనిస్తాయా? రాత్రి పడుకున్నాక కూడా నిద్రపోనివ్వవు!

పెదపులిపాకలో లక్ష్మీకాంత్ టీకి ఆగాడు. టీ కొట్టు లాజరు గ్లాసు చేతికిచ్చి, “మీది విడిగా పెట్టానండీ, పంచదార వెయ్యలేదు. శివాజీ గారు ఫోన్ చేశారు” అన్నాడు. పంచదార వెయ్యమని ఎంత బతిమాలినా వెయ్యలేదు. బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన నేరేడు గింజల పొడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. లక్ష్మీకాంత్ ఆ కషాయం లాంటి టీ మింగి బయటపడ్డాడు.

చోడవరం దాటాక ఆకలేసింది. కట్ట పక్కన సంపూర్ణమ్మ చక్కెరకేళి గెలలు వేలాడదీసుకుని కూర్చుంది.

“ఒక డజను ఇవ్వమ్మా.”

ఆమె సైకిలు వంక, రిబ్బన్ల వంక చూసింది. “పటమట టైల్స్ షాపాయన మీరే కదండీ? మీకు అమ్మను బాబూ. తెలిసి తెలిసి ఆ పాపం నాకెందుకు? కూర అరటికాయలున్నాయి, పట్టుకెళ్లండి” అంది. బుట్టలో కీర్తన మంచినీళ్ల సీసా పక్కన రెండు అరటికాయలు పెట్టింది కూడా.

చూశారా ఆప్యాయత! ఫ్రాన్సులో పళ్లమ్మే మనిషి ఎవరికైనా పళ్లు అమ్మకుండా ఉంటుందా?

ఆ ఆప్యాయతకి వంద గజాల అవతల కట్ట మలుపు తిరుగుతుంది. అక్కడ ఒక టిప్పర్ ఇంకో టిప్పర్‌ని దాటాలనుకుంది. రెంటికీ కలిపి ఒకటే రోడ్డు. ఈసారి హారన్ కూడా లేదు. లక్ష్మీకాంత్‌కి మిగిలింది కట్ట వాలు. సైకిలుతో సహా దొర్లుకుంటూ వెళ్లి పసుపు చేలో పడ్డాడు.

దెబ్బలు పెద్దగా తగల్లేదు. మోచెయ్యి చీరుకుపోయింది, ముందు చక్రం వంకరపోయింది. సీసా పగిలి నీళ్లు మట్టిలో ఇంకిపోతున్నాయి. లక్ష్మీకాంత్ ఆ సీసా వంకే చూస్తూ కూర్చున్నాడు. సోమవారం అయితే ఇక్కడ పడేది తను కాదు. ఆ ఆలోచన రాగానే లేవడం మానేసి, సీసా ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

జనం పరిగెత్తుకొచ్చారు. టిప్పర్లు రెండూ అప్పటికే కనిపించనంత దూరం వెళ్లిపోయాయి.

“షుగర్ డౌనయింది” అన్నాడు ఒకాయన.

“టిప్పర్ అండీ” అన్నాడు లక్ష్మీకాంత్.

“కళ్లు తిరిగుంటాయి. షుగరున్నవాళ్లు కట్టెక్కకూడదు.”

“నాకు షుగర్ లేదండీ. టిప్పర్ వచ్చి...”

“మాట్లాడనివ్వకండి, నీరసమొస్తుంది” అంటూ సంపూర్ణమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. ఇందాక అమ్మనన్న చక్కెరకేళి తనే ఒలిచి ఆయన నోట్లో కుక్కింది. ఆ పండు మింగేలోపే ఇంకెవరో బెల్లం ముక్క పెట్టారు. నోట్లో అంత తీపి ఉండగా ‘టిప్పర్’ అనే మాట ఎవరికి మాత్రం పలుకుతుంది?

సైకిల్నీ, ఆయన్నీ ట్రాలీ ఆటో ఎక్కించి ఇల్లు చేర్చారు. ఆటో కంటే ముందే కబురు చేరింది. అత్తగారు వెంకటరత్నమ్మ గారు మెంతులు నానబోసి పెట్టారు. సాయంత్రానికి కాకరకాయలూ, ముగ్గురు డాక్టర్ల పేర్లూ, ఒక పొడి పొట్లమూ వచ్చాయి. టిప్పర్ గురించి ఒక్కరు కూడా అడగలేదు.

అందరూ వెళ్లాక కీర్తన వచ్చి మంచం అంచున కూర్చుంది.

“నీకు షుగర్ లేదు కదా నాన్నా?”

“లేదమ్మా.”

“మరి దారి బాగోలేదా?”

దారి బాగోలేదని ఒప్పుకుంటే షేర్ ఆటో. బాగుందంటే ఆ మలుపు. లక్ష్మీకాంత్ మోచేతి కట్టు సర్దుకున్నాడు.

“బాగోలేదమ్మా” అన్నాడు చివరికి.

“మరి మందులన్నీ నీకెందుకు ఇస్తున్నారు?” అంది కీర్తన.

ఆ ప్రశ్న అడిగిన మనిషి మన డెల్టా మొత్తానికి ఆ పిల్ల ఒక్కతే. పిల్లలకి లోకజ్ఞానం తక్కువ కదండీ, క్షమించేద్దాం.

ఇప్పుడు అంతా సర్దుకుంది. చక్రం బాగుచేయించి సైకిల్ని మూడో అంతస్తు బాల్కనీలో ఇనప స్టాండుకి బిగించేశారు. గుంతల్లేవు, టిప్పర్లు రావు, ఎక్కడిదాకా అని అడిగేవాళ్లు లేరు. కీర్తన షేర్ ఆటోలో బడి నుంచి వచ్చాక, ఎదురుగా ఫోన్ పెట్టుకుని, ఆ ఫ్రెంచి నది పక్కన రోజూ ఒక గంట తొక్కుతుంది. అక్కడి ఊళ్ల పేర్లన్నీ ఇప్పుడు దానికి కంఠతా వచ్చు.

మేడ మీదికి వెళ్తే కనిపించే కృష్ణ పక్కకి మాత్రం ఇంకా ఒక్కసారీ వెళ్లలేదు.